నిబ్బరం ఎవరి సొత్తు?

1916 అక్టోబరు 18 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లో హ్యారీ ఫార్ అనే పాతికేళ్ల బ్రిటిష్ సిపాయిని అతని సొంత సైన్యమే కాల్చి చంపింది. మోపిన నేరం పిరికితనం. అంతకు ముందటి ఏడాది ఫిరంగుల మోతకు ఒళ్లంతా వణుకు పట్టుకుని అతను అయిదు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. చేతులు అదురుతుంటే భార్యకు ఉత్తరాలు నర్సు రాసిపెట్టేది. కాస్త తేరుకున్నాడనిపించగానే మళ్లీ ముందు వరుసకు పంపారు. ఒకరోజు ఇక తనవల్ల కాదన్నాడు. సైనిక న్యాయస్థానంలో అతని పక్షాన వాదించేవారు ఎవరూ లేరు. భార్యకు రావలసిన పింఛను ఆగిపోయింది. ఆమె ఆ సంగతి బయటికి చెప్పుకోలేక ఏళ్ల తరబడి కడుపులోనే దాచుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇలా మరణశిక్షకు గురైన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. ఫార్ కూతురు అప్పటికి తొంభై దాటిన వృద్ధురాలు.

ఆ 306 మంది మీద పడినది వైద్యుడి నిర్ధారణ కాదు, వాళ్ల గుణం మీద తీర్పు. భయంకరమైనది చూసిన మనిషి ఎందుకు కుప్పకూలతాడు, ఎలా లేస్తాడు అన్న ప్రశ్నకు గత 150 ఏళ్లలో వచ్చిన జవాబులన్నిటిలోనూ ఈ తీర్పు ఏదో రూపంలో తారసపడుతుంది. ఒక కాలంలో అది నింద. మరో కాలంలో శాస్త్రం దాన్ని గడప బయటికి నెట్టింది. మన కాలంలో అదే గుణం బలమనే పేరుతో, ప్రశ్నావళులతో, పరిశోధన పత్రాలతో సగౌరవంగా తిరిగి వచ్చింది. ఈ రాకపోకల చరిత్ర తెలియకుండా ఇవాళ్టి ‘గుణబలాల’ శాస్త్రాన్ని సరిగ్గా అంచనా కట్టలేమని నా నమ్మకం.

కథ యుద్ధభూమిలో మొదలవలేదు, రైలు పట్టాల మీద మొదలైంది. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో రైళ్లు ఢీకొన్నప్పుడు ఒంటి మీద గాటు కూడా పడనివాళ్లు కొందరు వారాల తర్వాత మంచం పట్టేవారు. నిద్ర ఉండదు, జ్ఞాపకం చెదురుతుంది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. 1866లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సన్ దీనికి కారణం వెన్నుపాముకు తగిలిన కంటికి కనిపించని దెబ్బ అన్నాడు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే మరో శస్త్రవైద్యుడు కాదన్నాడు. వెన్నుకు ఏమీ కాలేదు, భయమొక్కటే ఇంత పని చేయగలదు అన్నాడు. మనసు దెబ్బతింటుందని గుర్తించినందుకు పేజ్‌ను మెచ్చుకోవాలి. అయితే ఆయన ఒక రైల్వే కంపెనీకి వైద్యుడన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వెన్ను విరిగితే పరిహారం కట్టాలి. భయపడినదానికి కట్టాలా? వాదం అక్కడినుంచి కోర్టులకెక్కింది, ఇప్పటిదాకా దిగలేదు.

అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల గుండెదడ, ఆయాసం, నీరసం పరిశీలించిన ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ మెండెస్ డా కోస్టా 1871లో అదంతా గుండెజబ్బుగా లెక్కగట్టాడు. జర్మనీలో హెర్మన్ ఒపెన్‌హైమ్ 1889లో ‘ఆఘాతం వల్ల కలిగే నరాల జబ్బులు’ అంటూ ఒక పుస్తకమే రాశాడు. ప్రమాద బీమా అప్పుడప్పుడే వచ్చిన ఆ దేశంలో కార్మికులకు ఇది ఊరట. కానీ ఎదురుగాలి వెంటనే లేచింది. జబ్బు ప్రమాదం నుంచి రాలేదనీ, పింఛను ఆశ నుంచి వచ్చిందనీ చాలామంది వైద్యులు వాదించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, లక్షలమంది క్షతగాత్రులతో కుంగిన జర్మనీలో 1926 నాటికి ఆ వాదమే గెలిచింది. ఇలాంటి మానసిక జబ్బులకు పరిహారం లేదని బీమా వ్యవస్థ తేల్చింది. ఖజానాకు భారమైనప్పుడు రోగి గుణం మీద అనుమానం పెరగడం ఈ చరిత్రలో ఒక్కసారి జరిగినది కాదు.

1915 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’ పత్రికలో చార్లెస్ మయర్స్ రాసిన వ్యాసంతో ‘షెల్ షాక్’ అన్న మాట వైద్యుల నోళ్లలో పడింది. మొదట్లో అది మందుగుండు పేలుడు ధాటికి మెదడు అదిరిపోవడమేనని అనుకున్నారు. పేలుడు దరిదాపుల్లో కూడా లేనివాళ్లకు అవే లక్షణాలు కనిపించేసరికి, ఇక గుణం వైపు వేలు చూపడం మొదలైంది. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యెలాండ్ మాట పడిపోయిన సైనికుల గొంతుకు కరెంటు పెట్టేవాడు. మాట వచ్చేదాకా గది దాటనివ్వకుండా, నీలాంటి వీరుడు ఇలా ఉండకూడదని నూరిపోసేవాడు. చాలామందికి మాట తిరిగొచ్చింది కూడా. అంతమాత్రాన అది మానుతున్న గాయమని నేను అనుకోలేను.

అదే కాలంలో ఎడింబరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో మరో దారి పడింది. అక్కడి వైద్యుడు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ మన దక్షిణాదికి తెలిసినవాడే. 1901-02లో నీలగిరి కొండల్లో తోడా తెగవారి మధ్య ఉండి, వాళ్ల బంధుత్వాలను, ఆచారాలను పరిశీలించి 1906లో ‘ది తోడాస్’ అనే పెద్ద గ్రంథం ప్రచురించినవాడు. ఎదుటి మనిషి చెప్పేది ఓపిగ్గా వినే అలవాటు ఆయనకు ఆ పనిలో గట్టిపడి ఉంటుందని నాకనిపిస్తుంది. తన దగ్గరికొచ్చిన అధికారులకు అంతవరకూ అందరూ చెబుతూ వచ్చిన సలహా ఒకటే: మరిచిపో, దిగమింగు, వేరే సంగతులు ఆలోచించు. ఆ దిగమింగడమే రాత్రిళ్లు పీడకలలై తిరిగొస్తోందని రివర్స్ గమనించాడు. 1917 చివర్లో ఒక సభలో చదివి, మరుసటి ఏడాది అచ్చువేసిన ప్రసంగంలో ఆయన ఇద్దరు రోగుల సంగతి చెప్పాడు. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన ఎన్నో సిద్ధాంతాల కంటే ఆ రెండు కథలే నాకు ఎక్కువ నేర్పాయి.

మొదటి అధికారి తన స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లి, పేలుడులో తునాతునకలైన అతని శరీరాన్ని చూశాడు. రాత్రయితే ఆ దృశ్యమే. రివర్స్ అతనితో ఆ ఘటన గురించి మెల్లగా మాట్లాడి ఒక మాట అన్నాడు. శరీరం ఆ స్థితిలో ఉందంటే అతను ఆ క్షణంలోనే పోయాడు, గాయాలతో గంటల తరబడి నరకం అనుభవించలేదు. ఆ కోణం ఆ అధికారికి అంతవరకూ తట్టలేదు. కొన్నాళ్లకు కల మళ్లీ వచ్చింది. ఈసారి కలలో అతను స్నేహితుడి పక్కన మోకరిల్లి, ఒంటి మీది సామగ్రిని నెమ్మదిగా తీసి పక్కన పెట్టాడు. మెలకువ వచ్చాక మిగిలినది దుఃఖం, భీతి కాదు. తర్వాత ఆ కలలు తగ్గిపోయాయి.

రెండో అధికారి కథ అలా లేదు. పేలుడుకు ఎగిరిపడి, చాలా రోజుల కిందట చనిపోయిన ఒక శత్రు సైనికుడి శవం మీద ముఖం ఆనించి పడిపోయాడు. ఆ వాసన, ఆ రుచి అతన్ని వదలలేదు. రివర్స్ ఎంత వెతికినా ఆ జ్ఞాపకంలో పట్టుకోదగిన మంచి పార్శ్వం ఒక్కటీ దొరకలేదు. దొరకలేదని దాచకుండా రాశాడు. చివరికి ఆ మనిషిని సైన్యం నుంచి పంపేసి, అంతకుముందు అతనికి కాస్త ఊరటనిచ్చిన పల్లె వాతావరణానికే వెళ్లనివ్వడం మంచిదని తేల్చాడు. ప్రతి గాయంలోనూ పాఠం ఉంటుందని పట్టుబట్టకపోవడం రివర్స్ గొప్పతనం. ఆ తర్వాత వచ్చినవారిలో చాలామంది ఆ నిగ్రహం చూపలేకపోయారు.

యుద్ధం ముగిశాక 1922లో లార్డ్ సౌత్‌బరో అధ్యక్షతన వచ్చిన బ్రిటిష్ నివేదిక ‘షెల్ షాక్’ అన్న పేరునే వాడకం నుంచి తీసేయాలంది. ముందుగా గట్టి మనుషుల్ని ఎంచుకుని, శిక్షణతో, క్రమశిక్షణతో వాళ్ల మనోస్థైర్యం పెంచితే సరిపోతుందన్న ధోరణి అప్పట్లో బలపడింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం దీన్ని భారీగా ప్రయోగించి చూసింది. మానసికంగా తగరని పది లక్షల మందికి పైగా యువకులను చేర్చుకోకుండానే వెనక్కి పంపింది. అయినా యుద్ధరంగంలో కుప్పకూలినవారి సంఖ్య ఏమీ తగ్గలేదు. 1946లో జాన్ ఆపెల్, గిల్బర్ట్ బీబీ అనే ఇద్దరు ఆ లెక్కలన్నీ తిరగేసి, ఎదురెదురు పోరులో 200 నుంచి 240 రోజులు గడిపితే ఎంత గట్టి సైనికుడైనా విరిగిపోతాడని తేల్చారు. చర్చిల్‌కు వైద్యుడైన లార్డ్ మోరాన్ 1945లో ‘ది అనాటమీ ఆఫ్ కరేజ్’లో దాదాపు ఇదే అన్నాడు: ధైర్యం ఖర్చయిపోయే మూలధనం. అయితే మొదటి యుద్ధంలో కందకాల్లో తిరిగిన ఈ వైద్యుడు గుణం మీద నమ్మకాన్ని పూర్తిగా వదులుకోలేదు. ఎవరి దగ్గర ఎంత మూలధనం ఉందన్నది గుణాన్ని బట్టే అని ఆయన చివరిదాకా నమ్మాడు.

ఈలోగా విశ్వవిద్యాలయాల్లోని మనస్తత్వశాస్త్రం గుణాన్ని చడీచప్పుడు లేకుండా వదిలించుకుంది. గుణం అంటే మంచిచెడ్డల తూకం, అది నీతిశాస్త్రం పని, మనం కొలవవలసింది వ్యక్తిత్వం అని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1920లలోనే వాదించాడు. హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు 1928-30 మధ్య పదివేల మందికి పైగా బడిపిల్లల నిజాయితీని పరీక్షించి, ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడు మరోచోట కాపీ కొడతాడని చూపించారు. నిజాయితీ అన్నది మనిషిలో స్థిరంగా ఉండే వస్తువు కాదు, పరిస్థితిని బట్టి మారేదని దానికి అర్థం చెప్పుకున్నారు. ఆ తర్వాత అరవై డెబ్బై ఏళ్లు గుణం పేరెత్తిన శాస్త్రవేత్తకు పాతకాలపు మనిషి అన్న ముద్ర తప్పలేదు.

గుణాన్ని మళ్లీ చర్చలోకి తెచ్చినవాళ్లు ప్రయోగశాలల నుంచి రాలేదు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి వచ్చారు. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్‌ను 1942లో తెరేజియెన్‌స్టట్‌కు, 1944లో ఆష్విట్జ్‌కు తరలించారు. తండ్రి, తల్లి, అన్నదమ్ముడు, భార్య అందరూ పోయారు. 1945 ఏప్రిల్‌లో విడుదలయ్యాక ఒక పుస్తకాన్ని కొద్దిరోజుల్లోనే చెప్పి రాయించి 1946లో ప్రచురించాడు. ఇంగ్లీషులో ‘మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్’గా అది లోకమంతా తిరిగింది. బతకడానికి ఒక అర్థం దొరికినవాడికి తట్టుకునే శక్తి పెరుగుతుందన్నది దాని సారమని అందరికీ తెలుసు. అదే పుస్తకంలో ఆయన ఒప్పుకున్న మరో సంగతి అంతగా ప్రచారం పొందలేదు. తమలో ఉత్తములైనవాళ్లు తిరిగి రాలేదు. బతికి బయటపడటానికి అదృష్టం కారణం కావచ్చు, ఒక్కోసారి క్రూరత్వం కూడా. బతికినవాళ్లది గొప్ప గుణం అనే సూత్రం ఆ శిబిరాల దగ్గర నిలబడదు. ఫ్రాంక్ల్ పేరు చెప్పుకుని ఆత్మబలం బోధించేవారు ఈ పేజీని దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇజ్రాయెల్ సామాజిక శాస్త్రవేత్త ఆరన్ ఆంటొనోవ్‌స్కీ మెనోపాజ్ దశలో ఉన్న స్త్రీల ఆరోగ్యం పరిశీలిస్తూ ఒక లెక్క దగ్గర ఆగిపోయాడు. నిర్బంధ శిబిరాల నుంచి వచ్చిన స్త్రీలలో మానసికంగా బాగానే ఉన్నవారు 29 శాతం, మిగతావారిలో 51 శాతం. ఎవరైనా ఆ తేడా చూసి శిబిరాల ఘోరాన్ని తలచుకుంటారు. ఆయన ప్రశ్నను తిరగేశాడు: అంతటి నరకం చూసి, ఆపైన కాందిశీకులై, కొత్త దేశంలో యుద్ధాలు కూడా చూసినవాళ్లలో 29 శాతం మంది ఎలా బాగున్నారు? ఆ ప్రశ్న నుంచే 1979లో ‘హెల్త్, స్ట్రెస్ అండ్ కోపింగ్’ వచ్చింది. జరుగుతున్నది అర్థమవుతోంది, ఎలాగో నెట్టుకు రాగలను, ఇందుకు పాటుపడటంలో అర్థముంది అన్న మూడు భావాలు కలిసిన ఒక కుదురు అలాంటివారిలో ఉంటుందని ఆయన ప్రతిపాదించాడు. నెట్టుకు రాగలనన్న భావం సొంత బలం మీద ఆనుకోవాల్సిన పని లేదనీ, నమ్మదగిన మనుషులు వెంట ఉన్నారన్నా చాలుననీ ఆయన స్పష్టంగా చెప్పాడు.

హవాయి దీవుల్లోని కవాయ్‌లో ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ చేసిన పని దీనికి మరో సాక్ష్యం. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను వాళ్లు దశాబ్దాల పాటు వెంబడించారు. పేదరికం, తల్లిదండ్రుల తాగుడు, ఇంట్లో కలహాలు, మానసిక జబ్బుల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు, అంటే 72 మంది, స్థిమితంగా, పనిమంతులుగా, ఎదుటివారిని పట్టించుకునే మనుషులుగా ఎదిగారు. వాళ్లలో నవ్వు ముఖం, చొరవ, తనమీద తనకు నమ్మకం ఉన్నమాట నిజమే. దాంతోపాటు వాళ్లందరి వెనకా ఎవరో ఒకరున్నారు: అమ్మమ్మో, పెద్దక్కో, పక్కింటావిడో, పంతులుగారో. పదిహేడేళ్లప్పుడు దారితప్పిన పిల్లల్లోనూ చాలామంది ముప్పై దాటేసరికి మంచి ఉద్యోగం, మంచి తోడు, చదువు దొరికి కుదుటపడ్డారు. గుణం బాల్యంలోనే పోతపోసి ఆరబెట్టిన బొమ్మ కాదని కవాయ్ చెప్పింది.

1980లో చరిత్ర ఒక్కసారిగా మలుపు తిరిగింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1970 నుంచి న్యూయార్క్‌లో గుంపులుగా కూర్చుని తాము చూసినవీ చేసినవీ చెప్పుకున్నారు. రాబర్ట్ లిఫ్టన్, ఖైమ్ షాటన్ వంటి మానసిక వైద్యులు వాళ్లతో కూర్చుని విన్నారు. అత్యాచార బాధితుల మీద ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రమ్ 1974లో ప్రచురించిన పరిశీలన అదే రకం లక్షణాలను చూపింది. ఈ ఒత్తిళ్లన్నీ కలిసి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి జబ్బుల పట్టిక మూడో కూర్పులోకి పీటీఎస్‌డీ (ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత) చేరింది. ఇందులో అసలు విప్లవం పేరు కాదు. జబ్బుకు కారణం మనిషి లోపల ఉన్న బలహీనత కాదు, అతనికి జరిగిన ఘటన అని ఒక వైద్యగ్రంథం మొదటిసారి నిక్కచ్చిగా ఒప్పుకోవడం. హ్యారీ ఫార్ లాంటివాళ్లకు శాస్త్రం ఇచ్చిన క్షమాభిక్ష అది. ప్రభుత్వానిది రావడానికి మరో 26 ఏళ్లు పట్టింది.

అక్కడికి కథ సుఖాంతమైనట్టే. కానీ ఘటన ఒక్కటే కారణమైతే, ఒకే పడవలో మునిగినవాళ్లలో ఒకరు నెలలో తేరుకోవడం, మరొకరు ఏళ్లు గడిచినా తేరుకోకపోవడం ఎందుకు? ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. 1990లలో నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు మరింత సాహసంగా అడిగారు: కొందరు పాత స్థితికి చేరడమే కాదు, దాన్ని దాటి ఎదుగుతున్నారా? 1996లో వాళ్లు తయారుచేసిన 21 అంశాల కొలమానం అయిదు మార్పులను అడుగుతుంది. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు కనిపించడం, తన సత్తా తెలియడం, ఆధ్యాత్మిక మార్పు, బతుకు విలువ తెలిసిరావడం. ఎదుగుదల గాయం నుంచి రాదనీ, గాయం తర్వాత మనిషి పడే పెనుగులాట నుంచి వస్తుందనీ, బాధ, ఎదుగుదల ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండగలవనీ వాళ్లు మొదటినుంచీ చెబుతూ వచ్చారు.

ఈ నేల మీదే గుణబలాల శాస్త్రం మొలిచింది. మార్టిన్ సెలిగ్‌మన్ 1967లో స్టీవెన్ మేయర్‌తో కలిసి, తప్పించుకోలేని షాకులకు గురైన కుక్కలు ఆ తర్వాత తప్పించుకునే వీలున్నా చతికిలబడిపోతాయని చూపించి పేరు తెచ్చుకున్నాడు. ఆ కుక్కల్లో కొన్ని ఎంతకీ చతికిలబడలేదన్నది ఆయన్ను వెంటాడిన సంగతి. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాక, జబ్బుల పట్టిక ఉన్నట్టే మనిషిలోని మంచికీ ఒక పట్టిక కావాలన్నాడు. క్రిస్టొఫర్ పీటర్సన్ ఆ పని తలకెత్తుకున్నాడు. కేథరిన్ డాల్స్‌గార్డ్ తదితరులు కన్ఫ్యూషియస్, అరిస్టాటిల్ మొదలుకుని ఉపనిషత్తులు, భగవద్గీత, బౌద్ధం, ఇస్లాం, క్రైస్తవం దాకా గాలించి, అన్నిచోట్లా కనిపించేవి ఆరు సుగుణాలని తేల్చారు: వివేకం, ధైర్యం, దయ, న్యాయం, నిగ్రహం, తనను మించినదానితో అనుబంధం. వాటి కింద 24 గుణబలాలను పేర్చి 2004లో ‘క్యారెక్టర్ స్ట్రెంగ్త్స్ అండ్ వర్చ్యూస్’ అనే బృహద్గ్రంథం వెలువరించారు. కుతూహలం, పట్టుదల, కృతజ్ఞత, ఆశ, హాస్యం, క్షమ అన్నీ అందులో ఉన్నాయి.

ఈ గుణబలాలను కొలిచే ప్రశ్నావళి ఆ గ్రంథానికి ముందే ఇంటర్నెట్‌లో ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగినప్పుడు పీటర్సన్, సెలిగ్‌మన్‌ల చేతిలో అనుకోకుండా ముందటి లెక్కలూ తర్వాతి లెక్కలూ రెండూ ఉన్నాయి. 4,817 మంది అమెరికన్ల జవాబులు పోల్చితే ఏడు గుణాలు పెరిగినట్టు కనిపించింది: కృతజ్ఞత, ఆశ, దయ, నాయకత్వం, ప్రేమ, ఆధ్యాత్మికత, కలిసి పనిచేయడం. పది నెలల తర్వాత కూడా ఆ పెరుగుదల కొంత తగ్గినా మిగిలే ఉంది. ముందు జవాబిచ్చినవాళ్లూ తర్వాత జవాబిచ్చినవాళ్లూ ఒకే మనుషులు కారు గనుక దీన్ని పట్టుకుని ఎక్కువ ఎగరకూడదు. ఆ ఏడింటి జాబితాను మాత్రం నిదానంగా చదవాలి. వాటిలో అయిదు మరో మనిషి లేకుండా సాధ్యం కానివి. విమర్శనాదృష్టి, చదువు మీద మక్కువ, వివేకం వంటి ఒంటరి గుణాలు ఆ జాబితాలో లేవు.

2006లో పీటర్సన్, నాన్సూక్ పార్క్, సెలిగ్‌మన్ కలిసి రెండువేల పైచిలుకు మంది జవాబులు పరిశీలించారు. తీవ్రమైన శారీరక వ్యాధి వచ్చినా జీవితం మీద తృప్తి అంతగా తగ్గనివారిలో ధైర్యం, దయ, హాస్యం ఎక్కువగా కనిపించాయి. మానసిక జబ్బు విషయంలో ఆ పాత్ర అందాన్ని ఆస్వాదించడం, నేర్చుకోవాలన్న తపన పోషించాయి. 2008లో వాళ్లే మరికొందరితో కలిసి 1,739 మందిని అడిగి, పడిన ఆఘాతాల సంఖ్యకూ కొన్ని గుణబలాలకూ చిన్నపాటి సంబంధం చూపించారు. చిన్నపాటిదేనని వాళ్లే రాశారు. టాడ్ కష్దన్ బృందం వియత్నాం మాజీ సైనికులను రోజూ డైరీ రాయమంది. పీటీఎస్‌డీ ఉన్నవారిలో కృతజ్ఞతాభావం మొత్తంగా తక్కువే అయినా, అది కలిగిన రోజు మాత్రం వాళ్లకు కాస్త మెరుగ్గా గడిచేది. మంచిరోజు ఒకటి దొరకడం ఆ మనుషులకు ఎంతటి సంగతో ఆలోచిస్తే, ఈ చిన్న ఫలితమే నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

పత్రికల్లోనూ శిక్షణ తరగతుల్లోనూ ఈ జాగ్రత్తలు నిలవలేదు. 2009లో అమెరికా సైన్యం పదకొండు లక్షల మంది సైనికులకు మనోబల శిక్షణ ప్రకటించింది. 12.5 కోట్ల డాలర్ల ఆ కార్యక్రమం వెనక సెలిగ్‌మన్ బృందం ఉంది. ముందుగా చిన్నస్థాయిలో పరీక్షించకుండా అంతమంది మీద ప్రయోగించడాన్ని తోటి మనస్తత్వవేత్తలే 2011లో తప్పుపట్టారు. సైనికుణ్ణి గట్టిపరిస్తే చాలు, యుద్ధాన్ని ప్రశ్నించనక్కర్లేదన్న ధోరణి అందులో ఉందని వాళ్ల అభ్యంతరం. ఆ అభ్యంతరం న్యాయమైనదే. 1922 నివేదిక నాటి ఆలోచన వినయంగా, చిరునవ్వుతో మళ్లీ లోపలికి వచ్చిందని నాకు అనిపిస్తుంది. అలాంటి శిక్షణ పొంది కూడా కుంగిపోయినవాడు తనను తాను ఏమనుకోవాలి?

ఎదుగుదల కొలమానానికీ గట్టి పరీక్ష ఎదురైంది. ప్యాట్రిషియా ఫ్రేజియర్ బృందం 2009లో కాలేజీ విద్యార్థులను ముందే కొలిచి, మధ్యలో ఆఘాతానికి గురైనవారిని మళ్లీ కొలిచింది. నేను ఎదిగానని వాళ్లు చెప్పుకున్నదానికీ, ముందు వెనకల కొలతల్లో కనిపించిన మార్పుకూ పెద్దగా పొంతన కుదరలేదు. అలా చెప్పుకోవడం అబద్ధమని కాదు. అది బాధను మోసే ఒక పద్ధతి కావచ్చు. అంతకు ముందే, 2004లో, జార్జ్ బొనానో మరో దిక్కు నుంచి తలుపు తట్టాడు. ఆఘాతం తర్వాత ఎక్కువమంది జబ్బు పడనే పడరు, అలాగని ఎదిగి మహనీయులూ కారు, కొన్నాళ్లు కలత చెంది తమ పనుల్లోకి వెళ్లిపోతారు అన్నాడు. ఆన్ మాస్టెన్ 2001లో పిల్లల విషయంలో చెప్పినదీ ఇంచుమించు ఇదే. నిలదొక్కుకోవడం అరుదైన వరం కాదు, కుటుంబం, బడి, స్నేహం వంటి మామూలు వ్యవస్థలు చెక్కుచెదరకుండా ఉంటే జరిగే మామూలు సంగతి.

బలవంతంగా సాయం చేయబోతే ఏమవుతుందో కూడా 1990లలోనే తేలింది. అగ్నిమాపక సిబ్బంది వంటివారి కోసం జెఫ్రీ మిచెల్ 1983లో రూపొందించిన పద్ధతి, ఘటన జరిగిన కొద్దిరోజుల్లోనే కూర్చోబెట్టి అంతా చెప్పించేది, లోకమంతా వ్యాపించింది. 1997లో కార్డిఫ్‌లో కాలిన గాయాలవారి మీద చేసిన పరీక్షలో అలా చెప్పించినవారిలో 26 శాతం మందికి 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ ఉంది. చెప్పించనివారిలో 9 శాతం మందికే. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చుకునే హక్కు గాయపడినవాడిదేనని రివర్స్ దానికి ఎనభై ఏళ్ల ముందే గ్రహించి ఉన్నాడు.

మన తీరాల దగ్గరికి వస్తే ఈ చరిత్ర చాలా ఆలస్యంగా మొదలవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల్లోనే పదివేల ప్రాణాలు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లలో ఇంటికొకరు కూడా మిగలని కుటుంబాలున్నాయి. పీటీఎస్‌డీ అన్న పేరు పుట్టడానికి అప్పటికి ఇంకా మూడేళ్లుంది. ఇళ్లు, పశువులు, పడవలు లెక్కకు వచ్చాయి, నిద్రపట్టని రాత్రులు రాలేదు. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాతే మన దేశంలో ఆ లెక్క మొదలైంది. లక్నో వైద్యుల బృందం అక్కడి క్లినిక్‌లకు వచ్చిన 855 మందిని పరీక్షిస్తే 22.6 శాతం మందిలో మానసిక సమస్యలు బయటపడ్డాయి. బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన ఆర్. శ్రీనివాసమూర్తి అక్కడి మామూలు డాక్టర్లకే శిక్షణ ఇచ్చే పని చేపట్టారు. మానసిక వైద్యులు చాలినంతమంది లేని దేశానికి ఆ దారి తప్ప మరొకటి లేదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఒక్క నాగపట్నం జిల్లాలోనే దాదాపు ఆరువేల మంది పోయారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన ఆంటో రాజ్‌కుమార్, టైటస్ ప్రేమ్‌కుమార్, ప్రతాప్ తర్యన్ ఆ ఊళ్లకు వెళ్లి ప్రశ్నావళులు పంచలేదు. జాలరులను, గృహిణులను, ఊరి పెద్దలను గుంపులుగా కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే చెప్పమన్నారు. 2008లో వెలువడిన ఆ పరిశీలనలో 24 గుణాల పట్టిక లేదు. సముద్రం ఎందుకిలా చేసిందన్నదానికి వాళ్లు తమ నమ్మకాల్లోంచే అర్థం అల్లుకున్నారు. కోలుకోవడం గురించి అడిగితే తమవీ, తమ కుటుంబాలవీ, తమ ఊరివీ అయిన దారులు చెప్పారు. బయటినుంచి వచ్చిన మానసిక సేవల కంటే వాటికే ఎక్కువ విలువ ఇచ్చారు. ఆ ఊళ్లలో ఉన్న పద్ధతులకు ఊతమివ్వడమే బయటివాళ్లు చేయదగిన పని అని పరిశోధకులు తేల్చారు.

దానికి ముందటి ఏడాది, 2007లో, ఐక్యరాజ్యసమితి సంస్థలూ సహాయ సంస్థలూ కలిసి విపత్తుల వేళ మానసిక సాయానికి మార్గదర్శకాలు ప్రకటించాయి. సునామీ అనుభవం వాటి వెనక ఉంది. ఆ పత్రంలో నాలుగు అంతస్తుల గోపురం బొమ్మ ఒకటుంది. మానసిక వైద్యులు ఉన్నది శిఖరాన, అన్నిటికంటే చిన్న అంతస్తులో. దాని కింద కొద్దిపాటి శిక్షణ పొందిన కార్యకర్తలు, ఇంకా కింద కుటుంబం, ఊరు. అన్నిటికీ అడుగున, అన్నిటికంటే వెడల్పుగా ఉన్న అంతస్తు తిండి, నీళ్లు, నీడ, భద్రత. వాటిని ఇవ్వడమే చాలదనీ, తీసుకునేవాడి గౌరవానికి భంగం కలగకుండా, అతని మాట విని ఇవ్వాలనీ, అది కూడా మానసిక సాయంలో భాగమేననీ ఆ పత్రం చెబుతుంది.